మూడో బ్లాక్ స్పీకరులో యాదగిరి గొంతు

గడ్డపోతారంలో మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్లు కంప్యూటర్ గది చూసుకున్నాను. పోయిన ఏడాది రిటైరయ్యాను. నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవాళ్లు, అలాంటి కుర్చీల్లో కొత్తగా కూర్చుంటున్నవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటారు. అన్నీ సంఖ్యల గురించే. సర్వర్‌లో మెమరీ ఇంత వాడితే పరవాలేదా, స్వాప్ ఇంత నిండితే ప్రమాదమా అని. అవి పుస్తకాల్లో ఉన్నాయి, నన్ను అడగక్కర్లేదు. పుస్తకాల్లో లేనిది ఒకటి నాకు జరిగింది. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు, అందుకని నేనే రాస్తున్నాను.

దెయ్యం కథ అనుకుంటారేమో. మా ఫ్యాక్టరీలో సగం మంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. నాకు మాత్రం జరిగినదానికి కారణం మొదటి నుంచి చివరి దాకా తెలుసు. కారణం తెలిస్తే భయం పోతుందని చదువుకునే రోజుల్లో మాస్టార్లు చెప్పేవారు. నాకు పోలేదు.

నా గురించి రెండు ముక్కలు. మా నాన్నగారు కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడిపోయారు. నేను పటాన్‌చెరులోనే పెరిగాను. నా పేరు విజయలక్ష్మి. నా తెలుగు ఇక్కడివాళ్లకు అటువైపు తెలుగు, అటు చుట్టాలకు ఇటువైపు తెలుగు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళితే తెలుస్తుంది.

గోదాము, డ్రమ్ములు

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది తలకెక్కదు.

మా ప్రొడక్షన్ బ్లాకుల్లో రసాయనాలు ఉడికే రియాక్టర్ పక్కన కొంచెం జాగా ఉంటుంది. ఆ రోజుకు కావలసిన డ్రమ్ములు అక్కడ పెట్టుకుంటారు. మిగతావి కాంపౌండు గోడ దగ్గర పెద్ద గోదాములో ఉంటాయి. కొత్త సరుకు వచ్చి జాగా చాలకపోతే ఫోర్క్‌లిఫ్ట్ వస్తుంది. చాలా రోజులుగా ఎవరూ ముట్టుకోని డ్రమ్మేదో చూసి దాన్ని గోదాముకు తీసుకుపోతుంది. మళ్లీ ఎవరికైనా కావలసివస్తే తెచ్చి ఇస్తుంది, అంతవరకు ఆగాలి.

సర్వర్‌లో మెమరీ అంటే రియాక్టర్ పక్కన జాగా. స్వాప్ అంటే డిస్కు మీద కేటాయించిన గోదాము. మెమరీని సమానమైన చిన్న చిన్న ముక్కలుగా కోసుకుంటారు, ఒక్కో ముక్కను పేజీ అంటారు. జాగా ఇరుకైనప్పుడు సిస్టమ్ చాలాకాలంగా ఎవరూ ముట్టని పేజీలను ఏరి గోదాముకు పంపుతుంది. ఏ ప్రోగ్రాముకూ తన పేజీ లోపల ఉందో గోదాములో ఉందో తెలియదు. ముట్టుకోబోతే అక్కడ లేదనుకోండి, అది వచ్చేవరకు ఆ ప్రోగ్రాం ఉన్నచోటే ఆగిపోతుంది. తాను ఆగిపోయానన్న సంగతి కూడా దానికి తెలియదు. మళ్లీ కదిలినప్పుడు మధ్యలో కాలం గడిచిందనే అనుకోదు. కొత్తలో నాకిది భలే తమాషాగా ఉండేది.

స్వాప్ నిండిందని కంగారుపడేవాళ్లను నేను ఇరవై ఏళ్లు మందలించాను. ఎంత నిండిందన్నది కాదు, రాకపోకలు ఎన్ని జరుగుతున్నాయో చూడండి అని. ఒక పక్కన పడి ఉన్న సరుకు గోదాములో ఉంటే ఎవరికీ నష్టం లేదు, పైగా లోపల జాగా మిగులుతుంది. అన్ని ప్రోగ్రాములకూ అన్ని పేజీలూ ఒకేసారి కావలసివస్తేనే కష్టం. అప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, ఒక్క పనీ ముందుకు సాగదు. ఈ మాట ఇప్పటికీ నిజమే. ఒక్కచోట తప్ప.

యాదగిరి

యాదగిరిది లక్డారం. మూడో బ్లాక్‌లో సీనియర్ ఆపరేటర్. రియాక్టర్లు తిరుగుతున్న మోతలో కూడా మూడంతస్తుల పైనున్న మనిషికి కింద నుంచి మాట వినిపించగలిగేవాడు.

గ్యాస్ లీకైతే మా దగ్గర రెండు జరుగుతాయి. సైరన్ మోగుతుంది, అది వేరే తీగ మీద ఉంటుంది, కంప్యూటర్‌తో సంబంధం లేదు. కానీ సైరన్‌కు నోరు లేదు. లీకు ఏ బ్లాక్‌లోనో, ఎటు నడవాలో చెప్పేది స్పీకర్లో వచ్చే గొంతు. ఆ గొంతును పంపే ప్రోగ్రాం నా సర్వర్‌లో ఉండేది. మొదట హైదరాబాద్‌లో ఎవరో అనౌన్సర్ చేత చెప్పించి తెచ్చారు. ఆ తెలుగు మా వాళ్లకు ఎక్కలేదు, ఆ హిందీ ఒడిశా, బిహార్ వాళ్లకు ఎక్కలేదు. అప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి ఇస్మాయిల్ భాయ్ యాదగిరిని నా గదికి తీసుకొచ్చాడు.

యాదగిరి గడప దగ్గర చెప్పులు విడిచి మైకు ముందు నిలబడ్డాడు.

"గట్టిగ జెప్పాల్నా మేడం, నిమ్మలంగ జెప్పాల్నా?"

"మీరు రోజూ ఎలా చెబుతారో అలాగే చెప్పండి."

"రోజు తిట్టుకుంట జెప్త" అని నవ్వి, గొంతు సవరించుకుని, తిట్లు మినహాయించి ఒక్కసారికే చెప్పేశాడు. "మూడో బ్లాకుల ఉన్నోళ్లందరు బయటికి రాండ్రి. ఉరుకకుండ్రి. గాలికి అడ్డం నడువుండ్రి." తర్వాత హిందీలో. తర్వాత మిగతా బ్లాకులకు.

కొత్తగా చేరినవాళ్లకు అతనే పాఠం చెప్పేవాడు. సైరన్ మోగగానే ఎటు పడితే అటు పరుగెత్తితే విషంలోకే పోయి పడతారని, తన మాట వినపడ్డాకే కదలమని. అది అందరికీ అలవాటైంది. సైరన్ మోగితే మా ఫ్యాక్టరీలో మనుషులు ఉన్నచోటే ఆగి, తల పైకెత్తి, యాదగిరి కోసం చూసేవారు. బయటివాళ్లు చూస్తే వింతగా ఉండేది.

ఒకరోజు పొద్దున మొదటి షిఫ్టుకు వస్తూ ముంబై హైవే మీద లారీ కింద పడి యాదగిరి పోయాడు. అతని భార్య బాలమణికి యాజమాన్యం ప్యాకింగ్‌లో పని ఇచ్చింది. ఆమె చేరిన నెలలోనే మాక్ డ్రిల్ వచ్చింది. సైరన్ మోగింది, స్పీకర్లో యాదగిరి పిలిచాడు. బాలమణి చేతిలో సంచి పట్టుకునే లేచి, అందరూ గేటు వైపు నడుస్తుంటే తాను మూడో బ్లాక్ వైపు నడిచింది. ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని వెనక్కి తెచ్చారు.

మర్నాడు నా గదికొచ్చింది.

"అక్కా, గా గొంతు తీసెయ్యరాదే. ఇన్నప్పుడల్ల మనిషి ఈడనే ఉన్నడనిపిస్తది. ఉన్నడనుకుంటె నేను పని జెయ్యలేను."

ఆ రోజే నా గొంతుతో రికార్డు చేసి ఆ ఫైలు పెట్టాను. యాదగిరి ఫైలు తుడిచేశాను. నా గదిలోనే ఆ రికార్డింగు విని ఇస్మాయిల్ భాయ్, "వార్తలు సదివినట్టున్నది మేడం, ఉరుకబుద్ధి గాదు, కూసోని ఇనబుద్ధైతది" అన్నాడు. బాలమణితో, "తీసేశాను, ఇక ఎప్పటికీ వినపడదు" అని చెప్పాను. అంత ధీమాగా చెప్పాను.

ఇక్కడ నా తప్పు. ఆ ప్రోగ్రాం ఫైళ్లను మొదలైనప్పుడు ఒక్కసారే చదివి తన మెమరీలో పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఫైలు మార్చినా తుడిచినా దానికి పట్టదు. కొత్త గొంతు రావాలంటే ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. దానికి సేఫ్టీ వాళ్ల అనుమతి కావాలి, ఆ కాసేపు బ్లాకుల్లో పని నిలిపివేయాలి. ఈసారి ఫ్యాక్టరీ మొత్తం ఆపే షట్‌డౌన్‌లో చేద్దాంలే అనుకున్నాను. షట్‌డౌన్ వచ్చింది, వేరే పనుల్లో పడ్డాను. మరిచిపోయాను. మరిచిపోవడం కంటే పెద్ద కారణమేమీ లేదు, ఉన్నట్టు రాయలేను.

ఇంకొకటి. బాలమణి బాధ చూసి మా ప్లాంట్ మేనేజర్ నరసింహారావు గారు ఇకపై డ్రిల్ అంతా చేతి మైకుతో చేయమన్నారు. మంచి మనసుతోనే అన్నారు. దాంతో ఏడాదిన్నర పాటు ఆ స్పీకర్ ప్రోగ్రామును ఎవరూ ముట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నం

ఆ ఏడాదిన్నరలో బ్యాచ్ రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ఒకటి కొత్తగా వచ్చింది. దానికి మెమరీ చాలా కావాలి. వేరే మిషన్ అడిగాను. "ఉన్నదాంట్లో సర్దండి విజయ గారూ" అన్నారు నరసింహారావు గారు. సర్దాను. ఉన్నదాంట్లో సర్దేవాళ్లను అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు కోసం మా వృత్తిలో ఎందరు ఎన్ని ప్రమాదాలు సర్ది పెట్టారో లెక్కలేదు.

ఆ రోజు భోజనాలైన తర్వాత రిపోర్టు పెద్దది నడుస్తోంది. సర్వర్ డిస్కు మీద లైటు మామూలుగా మిణుకుమిణుకుమంటుంది, అప్పుడు ఆగకుండా వెలుగుతూనే ఉంది. లోపలి నుంచి గోకుతున్నట్టు చప్పుడు. నేనొక అక్షరం కొడితే తెరమీదకు రావడానికి ఊపిరి పీల్చి వదిలేంత సేపు పడుతోంది. గోదాముకు రాకపోకలు మితిమీరాయని అర్థమైంది. రిపోర్టు ఆపుదామని చూస్తుండగానే సైరన్ మోగింది.

బయటికి పరుగెత్తాను. లీకైతే ఎవరైనా చివరికి గేటు దగ్గర వేపచెట్ల కింద చేరాల్సిందే. అన్ని బ్లాకుల వాళ్లూ ఉన్నచోటే ఆగి తలలు పైకెత్తి ఉన్నారు. స్పీకర్లో ఏమీ రాలేదు. ఆ రోజు గాలి ఆడడం లేదు. మూడో బ్లాక్ నుంచి తియ్యటి వాసన వస్తోంది, సాల్వెంట్ అనే ద్రావకం వాసన. అది పీలిస్తే ముందు తల తేలికవుతుంది, తర్వాత కాళ్లు పనిచేయవు.

గొంతు కోసం ఆగకుండా ఇస్మాయిల్ భాయ్ తన వాళ్లను రెక్కలు పట్టుకుని బయటికి తోశాడు. వాళ్లను చూసి మిగతా బ్లాకుల వాళ్లూ కదిలారు. అందరూ చెట్ల కింద చేరాక తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ. ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటర్ ప్రఫుల్ల పై అంతస్తులో ఉండిపోయాడు. ఇస్మాయిల్ భాయ్ గాలి మాస్కు తగిలించుకుంటున్నాడు. సైరన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ప్రఫుల్ల ఒక్కడే మిగిలిన బ్లాక్‌లో నుంచి స్పీకరు, "మూడో" అంది.

అంతే అని ఆగిపోయింది.

అది నా గొంతు కాదు. అక్కడున్న రెండు వందల మందికీ తెలుసు అది ఎవరి గొంతో. కొంతసేపటికి "బ్లాకుల" అంది. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ, "ఉన్నోళ్లందరు". మాటకూ మాటకూ మధ్య సడి లేదు, ఎవరో చాలా దూరం నుంచి ఒక్కో మాటనూ మోసుకొచ్చి అక్కడ దించి మళ్లీ ఇంకోదాని కోసం వెళుతున్నట్టుంది. నాకు అప్పటికే విషయం అర్థమైంది. పేజీలు గోదాము నుంచి ఒక్కొక్కటే వస్తున్నాయి. అర్థమైంది గానీ, నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను.

"బయటికి" అంది గొంతు. అప్పుడు బ్లాక్ బయటి ఇనుప మెట్ల మీద, అన్నిటికన్నా పైన, ప్రఫుల్ల కనిపించాడు. మెట్ల పక్కన కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొంతు ఆగింది, అతనూ ఆగాడు. "రాండ్రి" అంది. రెండు మెట్లు దిగాడు. గొంతు ఆగితే కళ్లు మూసుకుని అక్కడే నిలబడిపోతున్నాడు. మాట వస్తే కదులుతున్నాడు. మొదటి మలుపు తిరిగేసరికి ఇస్మాయిల్ భాయ్ మెట్లెక్కి పట్టుకున్నాడు. ఇద్దరూ కిందికి వస్తుంటే వాళ్ల వెనక ఖాళీ బ్లాక్‌లో గొంతు ఇంకా చెబుతూనే ఉంది, ఉరుకవద్దని.

నేను బాలమణి వైపు చూడలేకపోయాను. చూడక తప్పలేదు. ప్యాకింగ్ వాళ్ల వరసలో నిలబడి ఉంది. ఏడవడం లేదు. నన్నే చూస్తోంది.

చూసి వదిలేసిన సంఖ్య

ప్రఫుల్ల రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు. నేను వెళ్లి చూశాను. సైరన్ మోగినప్పుడు ఎందుకు దిగలేదని అడిగితే, మాట రాలేదు కదా, అందుకే ఆగానన్నాడు. ఆగి ఉండగానే తల తిరిగి కూర్చుండిపోయాడట. తర్వాత, "యాదగిరి భయ్యా బులాయా, తో ఆయా" అన్నాడు. యాదగిరి పిలిస్తే వచ్చాడట.

"యాదగిరి చనిపోయాడు కదా, ప్రఫుల్లా."

"పతా హై మేడం" అన్నాడు. తెలుసట.

నేను తిరిగొచ్చేసరికి మూడో బ్లాక్ స్పీకరుకు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. కింద కొబ్బరికాయ కొట్టిన తడి. తీసేయమని నరసింహారావు గారు ఆర్డరు వేశారు, తీయడానికి ఒక్కడూ ముందుకు రాలేదు.

సర్వర్‌లో వెతికాను. ఫైళ్లలో నా గొంతు తప్ప ఇంకోటి లేదు. స్పీకర్ ప్రోగ్రాం ఎప్పుడు మొదలైందో చూశాను. యాదగిరి బతికి ఉన్నప్పుడు. దాని మెమరీలో ఎంత భాగం గోదాములో ఉందో చూశాను. దాదాపు అంతా. నెలల తరబడి ఎవరూ ముట్టలేదు కనుక రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌కు జాగా చేయడం కోసం సిస్టమ్ ఆ గొంతును పేజీ పేజీగా తీసి డిస్కు మీద పెట్టింది. సైరన్ మోగిన క్షణాన ఆ పేజీలు కావలసివచ్చాయి, సరిగ్గా అప్పుడే డిస్కు రిపోర్టుతో ఊపిరాడకుండా ఉంది.

ఆ సంఖ్య నేను అంతకుముందు ప్రతివారం చూశాను. స్వాప్ సగం నిండి ఉండేది, రాకపోకలు సున్నా. పడి ఉన్న సరుకే కదా, నష్టం లేదు అని పక్కన పెట్టేదాన్ని. సూత్రం ప్రకారం నేను చేసింది ఒప్పే. ఆ ఒప్పు ఒక మనిషిని మెట్ల మీద నిలబెట్టింది.

నరసింహారావు గారు పిలిచి, "ఆ స్వాప్ ఏదో మొత్తం తీసి పారేయండి" అన్నారు. చెడ్డ బాస్ కాదు గానీ భయపడితే గొడ్డలి తీసుకునే రకం. గోదాము మూసేస్తే జాగా చాలనప్పుడు ఏమవుతుందో చెప్పాను. సిస్టమ్ ప్రోగ్రాముల్లో ఎవరో ఒకరిని ఎంచి చంపేస్తుంది. ముఖ్యంగా ఎక్కువ జాగా ఆక్రమించిన వాడిని చూస్తుంది, ఎవడు అవసరమో దానికి తెలియదు. ఆ రోజు రిపోర్టు చచ్చేదో, గ్యాస్ రీడింగులు తీసుకునే ప్రోగ్రామే చచ్చేదో నేను హామీ ఇవ్వలేనన్నాను. "మరి ఏం చేస్తారు?" అన్నారు. ఆలోచించి చెబుతానని లేచి వచ్చాను.

ఎర్ర డ్రమ్ము

జవాబు ఇస్మాయిల్ భాయ్ దగ్గర దొరికింది. జరిగింది వివరించమన్నాడు. గోదాము, ఫోర్క్‌లిఫ్ట్ అని చెప్పుకొచ్చాను. అతను నన్ను మూడో బ్లాక్ లోపలికి తీసుకెళ్లి ఒక స్తంభం చూపించాడు. దానికి ఎర్ర రంగు డ్రమ్ము ఒకటి గొలుసుతో కట్టి తాళం వేసి ఉంది. లోపల ఇసుక. ఏదైనా ఒలికితే చల్లడానికి.

"గిదెందుకు కట్టేసినమో ఎరుకేనా మేడం? దీన్ని ఎన్నేండ్లకో ఒకపారి ముడ్తం. ఫోర్క్‌లిఫ్టోనికి గదేం ఎరుక? దుమ్ము వట్టిన డ్రమ్ము జూస్తడు, ఎత్కపోతడు. ఒకపారి గట్లనే కొంటవొయ్యిండు. గప్పటిసంది గొలుసు. ముట్టనిది పనికిరానిదనుకుంటే ఎట్ల?"

తల కొట్టేసినట్టయింది. మెమరీలో కూడా అలాంటి గొలుసు ఉంది. ఈ ప్రోగ్రాం పేజీలను ఎంత ఇరుకైనా బయటికి పంపవద్దని లాక్ చేయవచ్చు. అది నాకు తెలుసు, ఎప్పుడూ అవసరం పడలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మీ సర్వర్‌లో ఎన్నేళ్లకో ఒకసారి పనిచేసేది, పనిచేయాల్సిన క్షణాన ఆలస్యమైతే మనిషి పోయేది ఏముందో ముందు వెతకండి. సిస్టమ్ కంటికి అన్నిటికన్నా పనికిరానిదిగా కనిపించేది అదే. దానికి గొలుసు వేయండి. వేసి ఊరుకోకుండా వారం వారం దాన్ని పలికించండి. రిపోర్టులను దాని పక్కన ఉంచకండి. రిపోర్టులకు వేరే మిషన్ అడిగితే ఈసారి నరసింహారావు గారు ఎదురు మాట్లాడలేదు.

గొలుసు వేయాలంటే ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపితే యాదగిరి గొంతు పోతుంది. ఫైలు తుడిచింది నేనే, ఇంకో ప్రతి ఎక్కడా లేదు. ఆ గొంతు లోకంలో మిగిలి ఉన్నది ఆ ప్రోగ్రాం ఆగకుండా నడుస్తున్నంత వరకే.

నాలుగు సెకన్లు

ఆ గొంతే ఉంచమని ఇస్మాయిల్ భాయ్ అడిగాడు. ఆపే ముందు దాన్ని మెమరీలోంచి తీసి ఫైలుగా భద్రం చేయడం నాకు చేతనవుతుంది. "పోరలు ఆయన మాటకే కదులుతరు మేడం. సూసినవ్ గద" అన్నాడు. చూశాను. ఆ మెట్ల మీద నా గొంతు వచ్చి ఉంటే ప్రఫుల్ల దిగేవాడా అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. దిగేవాడు కాదేమో. కానీ నిర్ణయం మా ఇద్దరిదీ కాదు.

మధ్యాహ్నం షిఫ్టు మారేవేళ బాలమణిని కంప్యూటర్ గదికి పిలిచాను. ఇస్మాయిల్ భాయ్ కూడా ఉన్నాడు. ముందు క్షమించమన్నాను. తుడిచేశానని చెప్పిన మాట అబద్ధమైందని, నా బద్ధకం వల్లే అయిందని చెప్పాను. తర్వాత అన్నీ చెప్పాను. గొంతు ఇంకా లోపల ఉందని, కావాలంటే తీసి ఆమెకు ఇవ్వగలనని, స్పీకర్లో ఉంచమని కూడా అడుగుతున్నారని.

ఆమె సర్వర్ వైపు చూసింది.

"లోపట ఉన్నప్పుడు ఆయనకు ఏమన్న ఎరుకైతదా అక్కా?"

"కాదు బాలమణీ. అది గొంతు ఒక్కటే. మనిషి కాదు."

"గది నాకూ ఎరుకే" అంది. ఇస్మాయిల్ భాయ్ వైపు తిరిగింది. "భాయ్, ఆయన బతికున్నన్ని దినాలు మీకు డ్యూటీ జేసిండు. పండుగ లేదు, పబ్బం లేదు. సచ్చినంక గూడ జేసిండు, మొన్న ఒకల్ల పానం గాపాడిండు. ఇంక సాలు. ఆయనను పనికి వెట్టకుండ్రి. మీ పోరలకు కదులుడు మీరే నేర్పుకోండ్రి."

ఇస్మాయిల్ భాయ్ తల వంచుకున్నాడు. "సరే చెల్లె" అన్నాడు.

"నీకైనా తీసి ఇవ్వనా? ఫోన్‌లో పెట్టుకోవచ్చు" అన్నాను.

"ఒద్దక్కా. ఇస్తే ఇంట. ఇనుకుంట ఇంట్లనే కూసుంట. నాకిద్దరు పిల్లలున్నరు." కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఆపెయ్యి. నేనీడనే ఉంట" అంది.

సేఫ్టీ వాళ్లు బ్లాకుల్లో పని నిలిపివేశామని ఫోన్ చేశారు. నేను ఆదేశం టైపు చేశాను.

"పోయేటప్పుడు ఏమన్న అంటడా?" అని అడిగింది.

"ఏమీ అనదు."

ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి నాలుగు సెకన్లు పట్టింది. పరీక్ష కోసం స్పీకర్లు ఆన్ చేస్తే నా గొంతు, వార్తలు చదివినట్టు, అన్ని బ్లాకుల్లో ఒకేసారి వినిపించింది. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ఇస్మాయిల్ భాయ్ తన వాళ్లకు చెప్పడానికి వెళ్లిపోయాడు.

"పోయిందా?" అంది బాలమణి.

పోయింది అని ఒకసారి చెప్పి ఆమె ముందు దోషిగా నిలబడ్డాను. రెండోసారి నిజమే చెప్పాలనుకున్నాను. ప్రోగ్రాం ఆగితే గోదాములో దాని పేజీల మీద ఇక ఎవరికీ హక్కు ఉండదు, కానీ వాటిని ఎవరూ తుడవరు. అవి డిస్కు మీద అలాగే పడి ఉంటాయి. వేరే ప్రోగ్రాముల పేజీలు వచ్చి వాటి మీద కూర్చున్నప్పుడు ఒక్కొక్కటే పోతాయి. అదే ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాను. "ఇక మాట్లాడడం మాత్రం జరగదు. లోపల తునకలు తునకలుగా కొన్నాళ్లు ఉంటుంది."

"ఎన్ని దినాలు?"

"నాకు తెలియదు. ఆఖరి ముక్క ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు."

ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "మంచిదక్కా" అంది. "గన్ని దినాలు నేను గీ బాట వట్టే పోత."

ప్యాకింగ్ నుంచి గేటుకు దగ్గరి దారి ఉంది, గోడ వెంట. ఆ మర్నాటి నుంచి షిఫ్టు దిగినప్పుడల్లా బాలమణి చుట్టు తిరిగి నా కిటికీ ముందు నుంచి వెళ్లేది. లోపలికి వచ్చేది కాదు, ఆగేది కాదు, నడక కొంచెం నెమ్మదించేది. అలా ఏడు నెలలు గడిచాక ఆ సర్వర్ పాతబడిందని డిస్కులు తీసి పగలగొట్టించి కొత్తది పెట్టాం. ఆ మాట ఆమెకు చెప్పాలని ఎన్నోసార్లు లేచి కిటికీ దాకా వెళ్లాను, చెప్పకుండానే వచ్చి కూర్చున్నాను. నేను రిటైరైన రోజు మధ్యాహ్నం కూడా ఆమె అటుగానే వెళ్లింది.